చిట్టెలుకలు చెప్పిన ముదిమి పాఠం

ఉద్దేశం

వార్ధక్యంలో మెదడు పనితీరు అందరిలోనూ ఒకే విధంగా క్షీణించదు. స్త్రీపురుషుల మధ్య ఈ విషయంలో భేదం కనిపిస్తుంది. ఆ భేదంలో ప్రకృతి పాలు ఎంత? సమాజం పాలు ఎంత? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు జవాబు వెదకిన తీరును తెలియజేయడం, మన ఇళ్లలోని వృద్ధుల పట్ల మన బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా ప్రాంతాన నివసించే ఒక అవ్వను ఊహించుకొందాం. ఆమె వయస్సు 75 దాటింది. బడి గడప తొక్కి ఎరుగదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. షాలిబండ మీదుగా చార్మినారు చేరి లాడ్‌బజారులో గాజులు బేరమాడేటప్పుడు మాత్రం ఆమె నోట దక్కనీ ఉర్దూ ధారాళంగా వస్తుంది. పద్దుపుస్తకం లేకున్నా పాలవాని లెక్క, చీటీల లెక్క ఆమె నాలుక చివర ఉండేవి. బోనాల పండుగకు ఏ ఆడబిడ్డకు ఏ చీర పెట్టినదీ పదేళ్ల తరువాత కూడా చెప్పగలిగేది.

అటువంటి అవ్వ క్రమంగా మరచిపోవడం మొదలుపెట్టింది. పొయ్యిమీద పాలు పెట్టి మరచింది. మనుమరాలిని కూతురి పేరుతో పిలిచింది. ఒకనాడు గుడికి వెళ్లి వస్తూ, అరవై ఏళ్లుగా నడిచిన సొంత గల్లీని గుర్తుపట్టలేక మలుపులో నిలబడిపోయింది. "ముసలితనం గదా, అవ్వకు చాదస్తం పట్టింది" అన్నారు ఇంటివారు. "ఆడవాళ్లకు ఇది మరీ ఎక్కువ" అన్నారు ఇరుగుపొరుగువారు.

ఈ అవ్వ కల్పితమే. కాని ఈ రెండు మాటలు మనం నిత్యం వింటున్నవే. మొదటి మాట ఒక వ్యాధిని వయస్సు కింద జమకట్టి పక్కన పెడుతుంది. రెండవ మాట ఒక తేడాను స్త్రీ స్వభావం కింద జమకట్టి ఊరుకొంటుంది. రెండింటినీ పరీక్షకు నిలబెట్టవలసిన అవసరం ఉంది.

లెక్కలలోని చిక్కు

జ్ఞాపకశక్తి, ఆలోచన, నిర్ణయశక్తి క్రమంగా నశించి, దినచర్యకు కూడా పరులపై ఆధారపడే స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ వ్యాధి అందులో ప్రధానమైనది. మన దేశంలో వృద్ధులపై జరిగిన ఒక విస్తృత పరిశీలన ఫలితాలు 2023లో వెలువడినాయి. 60 సంవత్సరాలు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని ఆ పరిశీలన అంచనా వేసింది. పురుషులలో నూటికి 5.8 మంది కాగా స్త్రీలలో నూటికి 9 మంది.

అయితే ఇరుగుపొరుగువారి మాట నిజమే అన్నమాట! ఆడవారి మెదడు త్వరగా అలసిపోతుందన్నమాట! ఇట్లా తీర్మానించే ముందు మరొక లెక్కను చూడాలి. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అక్షరాస్యులైన పురుషులు నూటికి 27 మంది. స్త్రీలు నూటికి 9 మంది మాత్రమే. ఈనాడు 75 ఏళ్లు దాటిన అవ్వలు ఆ కాలంలో పుట్టి పెరిగిన ఆడపిల్లలు. బాల్యంలో విద్యాభ్యాసం కొరవడటం వార్ధక్యంలో డిమెన్షియా ముప్పును పెంచే కారణాలలో ఒకటని ప్రపంచమంతటా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మరి ఆ అవ్వ జ్ఞాపకశక్తిని హరించినది ఆమె స్త్రీత్వమా? లేక ఆమెకు దక్కకుండా పోయిన పలకా బలపమా?

మనుషులను మాత్రమే చూస్తూ ఈ చిక్కు విప్పడం కష్టం. స్త్రీపురుషుల శరీరాలు వేరు. వారు తిన్న తిండి, చదివిన చదువు, పొందిన వైద్యం కూడా వేరు. ఈ రెండు రకాల భేదాలూ పడుగుపేకల వలె అల్లుకొని ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఆడ, మగ అన్న తేడా తప్ప మరే తేడా లేని ప్రాణులు కావాలి. అటువంటి ప్రాణి ప్రయోగశాలలోని చిట్టెలుక. చిట్టెలుకకు బడి లేదు, వంటిల్లు లేదు, వరకట్నం లేదు. ఆడదానికీ మగదానికీ ఒకే పంజరం, ఒకే మేత, ఒకే వెలుతురు. అప్పుడు కూడా వాటి ముదిమిలో తేడా కనిపిస్తే, అది చాలవరకు ప్రకృతి కల్పించినదే అనుకోవచ్చు.

ప్రయోగశాలలో చిట్టెలుక

మన ఇళ్లలో తిరిగే ఎలుకకు, ప్రయోగశాలలోని చిట్టెలుకకు చుట్టరికం ఉన్నా అవి వేర్వేరు జాతులు. చిట్టెలుక బరువు సాధారణంగా 20 నుంచి 40 గ్రాములు. ఆయుర్దాయం రెండు మూడు సంవత్సరాలు. ఇరవై నెలల చిట్టెలుక మనుషులలో సుమారు 65 ఏళ్లవారితో సమానం. మనిషి జీవితమంతా కాచుకొని చూడవలసిన మార్పును శాస్త్రజ్ఞుడు రెండేళ్లలో చూడగలుగుతాడు. నీటితొట్టిలో మునిగి ఉన్న చిన్న పీటను వెదకి గుర్తుపెట్టుకోవడం, అనేక రంధ్రాలలో తప్పించుకొనే దారిగల రంధ్రాన్ని గుర్తించడం వంటి పరీక్షలతో వాటి జ్ఞాపకశక్తిని కొలుస్తారు. ఈ ప్రయోగాలు ఇష్టం వచ్చినట్లు చేసేవి కావు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వీటికి హద్దులు విధించింది.

ఇటువంటి పరిశోధనలకు హైదరాబాదు కొత్త కాదు. 1918లో కూనూరులో మొలకెత్తి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. ప్రయోగ జంతువులను శాస్త్రీయంగా పెంచడంలో ఆ సంస్థ పేరుగాంచింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య కల్లూరి సుబ్బారావు, ఆయన సహచరులు ఎలుకల మెదడుపై దీర్ఘకాలం పరిశోధించారు. నాడీకణాలలోని డీఎన్ఏకు నిత్యం గాయాలు అవుతూనే ఉంటాయి. ఆ గాయాలను మాన్పే శక్తి వయస్సు పెరిగేకొద్దీ తగ్గుతుందని, అందుకు డీఎన్ఏ పాలిమరేజ్ బీటా అనే ఎంజైము కొరత ఒక కారణమని వారు తెలియజేశారు. ముదిమి అంటే కేవలం కాలం గడవడం కాదు, కణంలో మరమ్మతు కుంటుపడటం అన్న అవగాహనకు ఈ కృషి తోడ్పడింది.

మరుగున పడిన ఆడ చిట్టెలుక

ఇక్కడ ఒక విచిత్రమైన విషయం ఉంది. మెదడు పరిశోధకులు దశాబ్దాల తరబడి ఎక్కువగా మగ జంతువులనే వాడుకొన్నారు. 2009లో అచ్చయిన పరిశోధనా పత్రాలను ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2011లో ఫలితం ప్రకటించారు. నాడీ విజ్ఞానంలో ఆడ జంతువులపై మాత్రమే జరిగిన పరిశోధన ఒకటి ఉంటే, మగ జంతువులపై మాత్రమే జరిగినవి అయిదున్నర ఉన్నాయి!

దీనికి వారు చెప్పుకొన్న కారణం ఒకటే. ఆడ చిట్టెలుకకు నాలుగైదు రోజులకొకసారి ఋతుచక్రం తిరుగుతుంది, హార్మోనులు మారుతూ ఉంటాయి, కాబట్టి ఫలితాలు నిలకడగా ఉండవు అన్నారు. ఈ నమ్మకాన్ని ఎవరూ సరిగా పరీక్షించలేదు. చివరకు 2014లో 293 పరిశోధనా పత్రాలలోని కొలతలను పోల్చి చూడగా, ఆడ చిట్టెలుకల ఫలితాలు మగవాటికన్నా ఎక్కువ చంచలమైనవి కావని తేలింది. గుంపుగా ఒకే పంజరంలో పెరిగే మగ చిట్టెలుకలలో పోరాటాలు, పెత్తనాలు ఉంటాయి; వాటి హార్మోనులూ మారుతూనే ఉంటాయి. 2016 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ ధనసహాయం కోరే పరిశోధకులు లింగభేదాన్ని కూడా పరిగణించాలని నియమం పెట్టినాయి.

చూడకుండా వదలివేసి, తరువాత "దానికి నిలకడ లేదు" అని నింద మోపడం! చిట్టెలుకకు జరిగిన ఈ అన్యాయం మనకు ఎక్కడో విన్నట్లు అనిపించడం లేదూ?

రెండవ ఎక్స్ కథ

ఆడ చిట్టెలుకలను పరీక్షించడం మొదలయ్యాక కొత్త సంగతులు బయటపడినాయి. ఈస్ట్రోజన్ అనే హార్మోను మెదడులోని నాడీకణాల అనుసంధానాలకు బలం చేకూరుస్తుందని అంతకుముందే తెలుసు. వారణాసిలోని కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.కె. ఠాకూర్ బృందం, ఆ హార్మోనును అందుకొనే గ్రాహకాలు చిట్టెలుక మెదడులో వయస్సునుబట్టి, లింగాన్నిబట్టి ఎట్లా మారుతాయో పరిశీలించింది. కాని భేదమంతా హార్మోనులదేనా? లేక క్రోమోజోములకు కూడా పాత్ర ఉన్నదా?

స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషులకు ఒక ఎక్స్, ఒక వై ఉంటాయని మనం జీవశాస్త్రంలో చదువుకొన్నాం. చిట్టెలుకలలోనూ అంతే. మగతనాన్ని నిర్ణయించే జన్యువును వై క్రోమోజోము నుంచి తీసివేసి మరొక క్రోమోజోముపై చేర్చడం ద్వారా శాస్త్రజ్ఞులు నాలుగు రకాల చిట్టెలుకలను సృష్టించారు. రెండు ఎక్స్‌లతో అండాశయాలు గలవి, రెండు ఎక్స్‌లతో వృషణాలు గలవి, ఎక్స్ వైలతో అండాశయాలు గలవి, ఎక్స్ వైలతో వృషణాలు గలవి. ఇట్లా హార్మోనుల ప్రభావాన్ని, క్రోమోజోముల ప్రభావాన్ని విడివిడిగా తూచే తక్కెడ దొరికింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డీనా దుబాల్ బృందం అల్జీమర్స్ లక్షణాలు గల ఇటువంటి చిట్టెలుకలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించింది. అండాశయాలున్నా, వృషణాలున్నా, రెండు ఎక్స్‌లు గలవి ఎక్కువకాలం బ్రతికినాయి. వాటి జ్ఞాపకశక్తి తక్కువగా దెబ్బతిన్నది. అంటే రెండవ ఎక్స్ మెదడుకు ఒక కవచం వంటిదన్నమాట.

ఇక్కడ మరొక సందేహం కలుగుతుంది. ఆడ ప్రాణి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రాణమై ఉంటుందని బ్రిటిషు శాస్త్రజ్ఞురాలు మేరీ లయన్ చిట్టెలుకల ఒంటి రంగులను పరిశీలించి 1961లోనే ప్రతిపాదించింది. నిద్రపోయే క్రోమోజోము ఎట్లా కాపాడుతుంది? 2025లో దుబాల్ బృందమే దీనికి ఆశ్చర్యకరమైన జవాబు చెప్పింది. 20 నెలల ముదుసలి ఆడ చిట్టెలుకల మెదడులో, జ్ఞాపకాలకు నెలవైన హిప్పోకాంపస్ అనే భాగాన్ని పరిశీలించగా, నిద్రాణమైన ఎక్స్‌పై ఉన్న సుమారు ఇరవై జన్యువులు ముదిమిలో మేలుకొంటున్నట్లు కనిపించింది. వాటిలో పి.ఎల్.పి. 1 అనే జన్యువు నాడీతంతువులపై ఉండే మైలీన్ తొడుగు నిర్మాణానికి తోడ్పడుతుంది. ఆ జన్యువును ముసలి చిట్టెలుకల మెదడులో అదనంగా పనిచేయించినప్పుడు ఆడవే కాదు, మగవి కూడా పరీక్షలలో మెరుగుపడినాయి. ఆడ ప్రాణిని చూసి నేర్చుకొన్న పాఠం మగ ప్రాణికి కూడా మహోపకారం చేసింది!

కాని కథ ఇంత సులభం కాదు. అల్జీమర్స్ పరిశోధనలో వాడే కొన్ని రకాల చిట్టెలుకలలో, ఆ వ్యాధికి గుర్తుగా మెదడులో పేరుకొనే అమిలాయిడ్ అనే ప్రోటీను మగవాటికన్నా ఆడవాటిలోనే ఎక్కువ. 2025లోనే వెలువడిన మరొక పరిశోధన ప్రకారం, తల్లి నుంచి వచ్చిన ఎక్స్ ఒక్కటే పనిచేసే ఆడ చిట్టెలుకలలో జ్ఞాపకశక్తి తక్కువగా ఉండి, హిప్పోకాంపస్ త్వరగా ముదిసిపోయింది. కాబట్టి "ఆడ మెదడు బలమైనది" అనీ చెప్పలేము, "ఆడ మెదడు బలహీనమైనది" అనీ చెప్పలేము. ఒకచోట ముప్పు, ఒకచోట రక్ష. అంతేకాక చిట్టెలుక మనిషి కాదు. చిట్టెలుకలలో ఫలించిన మందులెన్నో మనుషులలో విఫలమైనాయి. ప్రకృతి స్త్రీని మరపుకు మాత్రమే సృష్టించలేదు, ఆమెకు కొన్ని కవచాలను కూడా ఇచ్చింది అన్నంత వరకు మాత్రం ఈ చిన్న ప్రాణి సాక్ష్యం చెబుతున్నది.

మూసీ ఆవలి ఒడ్డున

చిట్టెలుక చెప్పగలిగినది అంతవరకే. దానికి భాష లేదు, బజారు లేదు. మనిషి మెదడుకు బ్రతుకు ఇచ్చే బలాన్ని తెలుసుకోవాలంటే మళ్లీ మన నగరానికే రావాలి. పాతబస్తీ నుంచి మూసీ నది దాటి ఉత్తరానికి వెళితే పంజాగుట్టలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. అప్పట్లో అక్కడ నాడీ వైద్యురాలిగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియాతో వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిపోయే హైదరాబాదులో ఇది సహజమే.

ఒకే భాష మాట్లాడేవారికన్న, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనాయి. ఒకరికి సగటున 61 ఏళ్ల వయస్సులో కనిపించినవి మరొకరికి 65 ఏళ్లు దాటాక కనిపించినాయి. చదువుకొన్నవారిలో మాత్రమే ఇట్లా ఉన్నదా? కాదు. అక్షరం ముక్క రాని నిరక్షరాస్యులలో ఈ ఆలస్యం ఆరేళ్లు! స్త్రీలా పురుషులా, పల్లెవారా పట్నంవారా, ఏ వృత్తివారు అన్న తేడాలను లెక్కలోకి తీసుకొన్నా ఫలితం నిలిచింది. ఇది ఆసుపత్రికి వచ్చినవారిపై జరిగిన పరిశీలన మాత్రమే. భాషలే కారణమని తిరుగులేకుండా నిరూపించేది కాదు. అయినా ప్రపంచ పరిశోధకుల దృష్టిని మన నగరం వైపు మరల్చింది.

ఇప్పుడు మన అవ్వను మరొకసారి చూద్దాం. ఇంట తెలుగు, బజారున దక్కనీ మాట్లాడుతూ, ప్రతి మాటకూ ఒక భాషను అణచి మరొక భాషను పిలిచిన ఆమె మెదడు అరవై ఏళ్లపాటు సాము చేసింది. మనం ఆమెను "చదువులేనిది" అన్నాం. ఆ గాజుల బజారే ఆమెకు బడి అయిందని గ్రహించలేదు.

మన కర్తవ్యం

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం, మనుషులు ప్రయత్నించి తగ్గించుకోగల 14 కారణాలను పేర్కొన్నది. వాటన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చునని ఆ సంఘం అంచనా. చిన్ననాట చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు మందగించడం, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, వ్యాయామం లేకపోవడం, మనోవ్యాకులత, ఒంటరితనం, గాలి కాలుష్యం వాటిలో కొన్ని. వీటిలో ఒక్కటైనా "ఆడపుట్టుక" కాదు.

అవ్వ మరచిపోతున్నదంటే మొదట చేయవలసినది నవ్వడం కాదు, వైద్యునికి చూపించడం. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత వంటివి కూడా మరపును కలిగిస్తాయి. వాటికి చికిత్స ఉంది. చెవి వినబడకపోతే వినికిడి యంత్రం, కన్ను మసకబారితే శుక్లాల శస్త్రచికిత్స ఆమెను మళ్లీ మాటల లోకంలోకి తెస్తాయి. ఆమెతో రెండు భాషలలోనూ మాట్లాడాలి. పాత బోనాల ముచ్చట్లు చెప్పించుకోవాలి.

ఆడ చిట్టెలుకను చూడకుండా వదలివేసినంతకాలం శాస్త్రానికి సగం సత్యమే తెలిసింది. చూసిన తరువాత దొరికిన సత్యం మగ చిట్టెలుకకూ పనికివచ్చింది. ఇంట్లో అవ్వ విషయమూ అంతే. ఆమె మరపుకు కారణం వెదకడం ఆమెకు చేసే మేలు మాత్రమే కాదు. రేపు ఆ వయస్సుకు చేరబోయే మనందరికీ చేసుకొనే మేలు. ఈనాడు బడికి వెళ్లే ప్రతి ఆడపిల్లా డెబ్బది ఏళ్ల తరువాతి తన జ్ఞాపకాలకు ఈనాడే పునాది వేసుకొంటున్నది.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వార్ధక్యంలో స్త్రీపురుషుల జ్ఞాపకశక్తిలో కనిపించే భేదానికి ప్రకృతి, సమాజం ఏ విధంగా కారణమవుతున్నాయో పాఠం ఆధారంగా వివరించండి.
2. నాలుగు రకాల చిట్టెలుకలను సృష్టించడంవల్ల శాస్త్రజ్ఞులకు కలిగిన ప్రయోజనం ఏమిటి?

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పరిశోధకులు ఆడ చిట్టెలుకలను ఎందుకు విస్మరించారు? వారి వాదం ఎట్లా వీగిపోయింది?
2. నిద్రాణమైన ఎక్స్ క్రోమోజోము గురించి 2025లో తెలిసిన విషయమేమిటి?
3. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ పరిశీలనలో నిరక్షరాస్యుల గురించి ఏమి తేలింది?

ఇ) సంధి విడదీసి, సంధి పేరు రాయండి.
విద్యాభ్యాసం, మహోపకారం

ఈ) విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
స్త్రీపురుషులు, ప్రయోగశాల

ఉ) మీ ఇంటిలో లేదా మీ వీధిలో ఉన్న ఒక వృద్ధురాలితో మాట్లాడి, ఆమె చిన్ననాటి చదువు, ఆమెకు వచ్చిన భాషలు, ఆమె గుర్తుంచుకొన్న లెక్కలను గురించి ఒక పుట రాయండి.